కెజియా పేరుతో పెట్టిన ప్రార్థన మనవి

మార్చి 3, సోమవారం
సొంత కూతురి ఊపిరి ఎలా ఉందో తెలియనిదానివి, సంఘం ముందు ఏ ముఖంతో నిలబడతావు? పొద్దున ప్రార్థనలో మోకాళ్ల మీద ఉండగా ఎదురైన ప్రశ్న. నిన్న రాత్రి కెజియా స్కూల్ బ్లేజర్ ఉతకడానికి తీస్తే మామిడిపండు వాసన. జేబులో ఉన్నది హైలైటర్ అనుకున్నాను. కాదు... వేప్. పొగకి బదులు నికోటిన్ ఆవిరి పీల్చే ఎలక్ట్రిక్ గొట్టం.

మార్చి 4
అరుద్దామనే అనుకున్నాను. వృద్ధుల కేర్ హోమ్‌లో పన్నెండు గంటలు నిలబడి వచ్చాక అరిచే ఓపిక లేదు. అదే మేలైంది. తనే చెప్పింది. స్కూల్ టాయిలెట్లలో మొదలట. ఒకరిది ఒకరు పంచుకుంటారట. “ఎవ్రీవన్ డజ్ ఇట్, మమ్మీ.” ఇప్పుడు లేవగానే ఒకసారి, ట్రామ్ ఎక్కే ముందు, ప్రతి బ్రేక్‌లో. క్లాసు కాస్త సాగితే చిరాకు, చేతుల్లో వణుకు. “ఐ వాంట్ టు స్టాప్. ఐ కాంట్.” పదిహేనేళ్లు దానికి. రోజూ ఛార్జింగ్ పెట్టింది నా బైబిలు ఉండే బల్ల దగ్గరే. చూడలేదు నేను.
“డోంట్ టెల్ ద ప్రేయర్ పీపుల్. ప్లీజ్.” చెప్పనన్నాను. మా డాక్టరు క్లినిక్‌లో నర్సు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. వచ్చే సోమవారం, సాయంత్రం నాలుగూ ఇరవై. ఇద్దరం కలిసి.

మార్చి 6
రెండు రోజులుగా వేప్ ముట్టలేదు. అన్నిటికీ కసురుతోంది. ప్లేటు తోసేసింది. కాసేపటికి వచ్చి ఒళ్లో తల పెట్టుకుంది. ఎన్నేళ్లయిందో...

మార్చి 8, శనివారం
మా సంఘంలో పెద్దావిడ రత్నం ఆంటీ ఇంట్లో ప్రార్థన కూడిక. కెజియా మిగతా పిల్లలతో పై గదిలో. ప్రసంగం నాదే. దేహాన్ని పరిశుద్ధంగా ఉంచుకోవడం మీద వాక్యం తీశాను. నిప్పులు చెరిగాను. ఆమెన్లే ఆమెన్లు. చివర్లో మనవులు. ఒకరికి వీసా, ఒకరికి మోకాలి నొప్పి. నా వంతు వచ్చింది. నోరు ఆగలేదు — “నా కెజియా కోసం... వేప్ నుంచి విడుదల కోసం.”
ఆంటీ పేరు రాసుకుంది. “పిల్లని పైనుంచి పిలవండమ్మా, చేతులుంచి ప్రార్థిద్దాం.”
పిలిచింది నేనే.
దాని తల మీద అన్ని చేతులు. ఏడవలేదు. కళ్లు మూసుకోలేదు. నన్నే చూసింది.
కారులో ఒక్క మాట. “యూ ప్రామిస్డ్.”

మార్చి 9
పిలిస్తే గది తలుపు వేసేసుకుంది. దాని గదిలోంచి మళ్లీ ఆ మామిడిపండు వాసన. దాచడం కూడా మానేసింది. ఒకావిడ మెసేజ్: “అక్కా, మా పాప కెజియాతోనే ట్రామ్‌లో వెళ్తుంది కదా, కొంచెం చూడండి.” ఆంటీ ఫోన్: “సిగ్గెందుకమ్మా, అందరం ఒక్క కుటుంబమే కదా!” కెజియా చెప్పుకున్నది కుటుంబానికి కాదు. నాకు.

మార్చి 10, సోమవారం
పొద్దున తలుపు అవతలి నుంచి: “నర్సు దగ్గరికి రత్నం ఆంటీని తీసుకెళ్లు.” తెలుగులో అంది. స్పష్టంగా.
స్కూలుకి వెళ్లిపోయింది. నేను షిఫ్ట్ మార్చుకుని కూర్చున్నాను. వాక్యాలు వరసగా నాలుక మీదికి వస్తున్నాయి — క్షమించమనేవి, తల్లిని గౌరవించమనేవి. ఏ ఒక్కటీ దాని మీద విసిరే హక్కు నాకు లేదు. నర్సు దగ్గరికి నాతో వస్తుందో రాదో...
మూడున్నరకి స్కూల్ వదులుతారు. ఇప్పుడు మూడు. లే. ఈ డైరీ మూసెయ్. ప్రసంగం వద్దు. గేటు దగ్గర నిలబడు. తప్పు నాది అను, దాని స్నేహితులు వింటున్నా సరే. ఈరోజే. ఇప్పుడే వెళ్లు.