కోడలు పలకని చుక్క

కొండ మేతబీడు,
ఆగస్టు మూడు.

చిరంజీవి కోడలు జుపార్‌కు మామ దీవించి రాసేది. ముందుగా నీకూ మీ అమ్మానాన్నలకూ సలాం. ఇక్కడ పశువులూ మనుషులూ ప్రాణాలతో బాగున్నాం. అక్కడ నువ్వూ చిన్నదీ బాగున్నారని, మీ అమ్మకు దగ్గు తగ్గిందని తలుస్తున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం పాలవ్యాను డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. ఎర్మెక్ పైకి చదివాడు. జవాబు కూడా తానే రాస్తానన్నాడు. వద్దన్నాను. నీ మొగుడు నాకు కొడుకే గానీ, వాడి చేత రాయించే ఉత్తరం కాదు ఇది. నాకు బడి మూడేళ్ళే. మెల్లగా రాస్తున్నాను, నువ్వూ మెల్లగా చదువు.

నువ్వడిగిన వాటికి ముందు చెబుతాను. మచ్చల ఆడగుర్రం కాలి వాపు దిగింది. నువ్వు చెప్పినట్టే ఉప్పునీళ్ళ గుడ్డ కట్టాం. కాలు నేల మీద ఆనిస్తోంది, పాలు మాత్రం తగ్గించేసింది. మీ అత్త మోకాళ్ళ సంగతి అడిగావు. నొప్పి అలాగే ఉంది. మందు రాసుకోమంటే రేపు అంటుంది. గుడారం పైకప్పుకు కొత్త ఉన్ని వేశాం. వేశాం అంటే ఎర్మెక్ వేశాడు, నేను కింద నిలబడి తిట్టాను. నీ టెలిస్కోప్ పెట్టెలోనే ఉంది. చెమ్మ తగలకుండా కింద రెండు పలకలు పెట్టాను. ఆ పెట్టె మీద ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు.

ఇక నీ ఉత్తరం చివర రాసిన రెండు మాటలు. ఆగస్టు నుంచి చుక్కల పని చెయ్యను, బడిలో లెక్కలు చెప్పుకుంటే చాలు అని రాశావు. ఆ పైన, ఆ రాత్రి జరిగినదానికి మామయ్య బాధపడొద్దు, ఆయన నిద్రపోయారు, ఆయన తప్పేమీ లేదు, లేపడానికి నాకు మనసు రాలేదు అని రాశావు. ఆ మాట దగ్గర ఎర్మెక్ ఆగి నావైపు చూశాడు. నేను టీ గిన్నెలోకి చూశాను.

ఆ రాత్రి సంగతి నీకు తెలిసిందే. నావైపు నుంచి అది ఎలా ఉందో నీకు తెలియదు. అందుకని మొదటినుంచీ రాస్తాను.

నువ్వు కోడలిగా మా గుడారంలో అడుగుపెట్టిన రోజు ముసలమ్మలు నీ చెవిలో ఏం చెప్పారో నాకు తెలుసు. మామ పేరు పలకకూడదు, ఆ పేరులో వినపడే మాట కూడా నోట రాకూడదు. నా పేరు మొదట్లో తెమిర్ అని ఉంది, అంటే ఇనుము. ఆ రోజు నుంచి నువ్వు ఇనుమును ఇనుము అనలేదు. ఇనప బకెట్టు నీకు గట్టి బకెట్టు. ఇనప పొయ్యి గట్టి పొయ్యి. బడిలో పాఠంలో ఆ మాట వస్తే బోర్డు మీద రాసి పిల్లల చేత చదివిస్తావని ఎర్మెక్ చెప్పినప్పుడు నేను మీసం దువ్వుకున్నాను. పట్నంలో చదివిన పిల్లయినా మా కోడలు ఎలాంటిదో చూడండి అని పక్క గుడారాలన్నిటికీ చెప్పుకు తిరిగాను. అది నీకు ఎంత బరువో ఆరేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

చుక్కల రాత్రి పెడతామని, రాజధాని నుంచి పిల్లాపాపలతో కుటుంబాలు వస్తాయని, ఆకాశం చూపించేది జుపార్ టీచరేనని జిల్లా ఆఫీసు నుంచి కబురొచ్చినప్పుడు మేతబీడులో అందరూ సంబరపడ్డారు. నేనూ పైకి సంబరపడ్డాను. లోపల మాత్రం ముల్లు గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడి కాపరుల పిల్లలకు ఆకాశం చూపించింది నేను. ఏ చుక్క ఎక్కడికి వస్తే మందను ఎప్పుడు కిందికి దించాలో నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే అందరూ. మరి నాకిచ్చిన పని ఏమిటి? మొదట చేతులు చాపి దీవెన చెప్పి కూర్చోవడం. రెండు నిమిషాలు అని కాగితం మీద రాసి మరీ పంపారు.

దానికి రెండు రోజుల ముందు నువ్వు మీ అత్తను నా దగ్గరకు పంపించావు. ఆ ఒక్క రాత్రికి, నా పేరులోని మాట ఉన్న ఆ చుక్క పేరు పలకవచ్చా అని అడిగించావు. నేను జీను పట్టీ కుట్టుకుంటున్నాను. తల ఎత్తలేదు. నా పేరు నలుగురిలో అరిపించడానికి నేనేమన్నా చచ్చానా అన్నాను. మీ అత్త సూదికి దారం ఎక్కించి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. నా మాట నీకు చెప్పి నొప్పించలేక, ఆలోచిస్తానన్నాడు అని చెప్పిందట. అది నాకు మొన్ననే తెలిసింది. అంటే నువ్వు ఆ రాత్రి ఆశతో నిలబడ్డావు.

ఆ రాత్రి గాలి లేదు, వెన్నెల లేదు. నలభై మంది దాకా పరుపుల మీద వెల్లకిలా పడుకున్నారు. తండ్రుల పొట్టల మీద పిల్లలు, నూనెలో వేయించిన బొర్సోక్ రొట్టెముక్కలు నములుతూ అవ్వలు. నేను దీవెన చెప్పాను. కావాలనే అయిదు నిమిషాలు చెప్పాను. తరవాత నీకు నాలుగు బారల దూరంలో జీను మీద తల పెట్టుకుని వాలాను. నువ్వు దొంగల కథ మొదలుపెట్టావు. ఆకాశం నడుమ గుంజ, గుంజకు కట్టిన తెల్లగుర్రం, బూడిదరంగు గుర్రం, వాటిని తోలుకుపోదామని రాత్రంతా చుట్టూ తిరిగే ఏడుగురు దొంగలు. మా తాత నాకు చెప్పిన కథ. నా నోట నువ్వు విన్న కథ. నేను చెప్పేటప్పుడు పిల్లలు గడ్డి పీకుతూ కూర్చునేవాళ్ళు. నువ్వు చెబుతుంటే చంటిపిల్లలు కూడా ఏడుపు మానారు. నువ్వు నాకంటే బాగా చెబుతావు. ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది.

అప్పుడు ఒక చిన్నపిల్ల అడిగింది, ఆ గుంజ పేరేమిటని. నువ్వు ధ్రువతార అన్నావు. జిల్లా నుంచి వచ్చిన సాలికా, ఈ మేతబీడుకు కొత్త మనిషి, నా పేరు కూడా తెలియదు, అందరిలాగే నన్ను తాతగారూ అంటోంది, ఆవిడ కల్పించుకుంది.

"అది పుస్తకం పేరు కదండీ టీచరుగారూ. మన పేరు చెప్పండి. మన పేర్లు తెలియాలనే కదా పిల్లల్ని ఇంతదూరం తెచ్చింది."

"గట్టి గుంజ అనుకోండి," అన్నావు నువ్వు.

"గట్టిదా? అయితే మెత్త గుంజ కూడా ఉందా టీచర్?" అన్నాడు ఒక తండ్రి. అందరూ నవ్వారు.

"దాని అసలు పేరు నేను పలకకూడదండీ."

"పలకకూడదా, తెలీదా?" అంది సాలికా.

ఆ పిల్ల వాళ్ళ నాన్న చెవిలోనే చెప్పింది గానీ అందరికీ వినపడింది. "నాన్నా, టీచర్‌కే తెలీదంట."

వెనకనుంచి ఎవరో తెమిర్ కజిక్ కదా, ఇనప గుంజ, అన్నారు. పిల్లలంతా ఆ పేరు పట్టుకుని అరిచారు. నువ్వొక్కదానివే పెదవి కదపలేదు. మీ అత్తా తక్కిన ఆడవాళ్ళూ గుడారం వెనక కాగు దగ్గర ఉన్నారు. ఎర్మెక్ గుర్రాల దగ్గర ఉన్నాడు. నీకు ఆ పేరు తెలుసని, ఎందుకు పలకడం లేదో తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. నువ్వు నావైపు తిరిగావు. నేను టోపీ కళ్ళ మీదకు లాక్కుని గురకపెడుతున్నాను.

మూడోరోజు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. టీచరుకు మన చుక్కల పేర్లు రావు, అడిగితే సాకులు చెబుతుంది, పన్నెండో తారీకున చుక్కలు రాలే రాత్రికి కింది ఊరి మాస్టారిని పెడుతున్నాం అని. నువ్వు దాన్ని మడిచి పెట్టెలో పెట్టావు. నాలుగోరోజు అమ్మకు దగ్గని చెప్పి చిన్నదాన్ని ఎత్తుకుని పాలవ్యాను ఎక్కావు. ఎక్కేముందు నాకు వంగి సలాం కూడా చేశావు.

శుక్రవారం నీ ఉత్తరం చదివి ఎర్మెక్ మంద దగ్గరకు వెళ్ళాక మీ అత్త పిండి పిసుకుతూ నావైపు చూడకుండా అంది.

"నలభై ఆరేళ్ళుగా నీ గురక పక్కన పడుకున్నదాన్ని. ఆ రాత్రి కాగు దగ్గరకు వినపడింది. అది నీ గురక కాదు."

ఆవిడ రొట్టె కాల్చి నా ముందు పెట్టి, తాను వెళ్ళి బయట తిన్నది.

జుపార్, నేను నిద్రపోలేదు. మొదటినుంచి చివరిదాకా అంతా విన్నాను. టోపీ అంచు కిందనుంచి నిన్ను చూశాను కూడా. టార్చికి ఎర్రగుడ్డ కట్టావు కదా, ఆ వెలుతురులో నీ ముఖం కనపడింది. నువ్వు నన్ను తప్పుపడుతూ చూడలేదు, సాయం కోసం చూశావు. నోట్లోకి మాట వచ్చింది. పలుకమ్మా అంటే చాలు, రెండు క్షణాల పని. దాన్ని మింగి గురక పెట్టాను. ఎందుకంటే ఆ నవ్వు విన్నప్పుడు నాకు హాయిగా ఉంది. ముప్ఫై ఏళ్ళు చూపించినవాణ్ణి పక్కన కూర్చోబెట్టారు కదా, అనుభవించండి అనుకున్నాను. నా ఇంటి పిల్లను నలుగురు నవ్వుతుంటే నాకు హాయిగా ఉంది. దీన్ని ఆచారం మీదకు నెట్టి తప్పించుకోవచ్చు. కానీ అక్కడ ఆచారం లేదు, నా కుళ్ళు మాత్రమే ఉంది. తోడేలు మీద పడ్డప్పుడు కూడా పారిపోనివాణ్ణని చెప్పుకునే మనిషిని. ఆ రాత్రి టోపీ కింద దాక్కున్నాను.

శనివారం, ఆదివారం రెండు రోజులూ మనుషుల ముఖం చూడలేకపోయాను. సోమవారం తెల్లవారక ముందే గుర్రం ఎక్కి రోడ్డుదాకా పోయి వ్యాను పట్టుకుని జిల్లా ఆఫీసుకు వెళ్ళాను. సాలికా వచ్చేదాకా బల్ల మీద కూర్చున్నాను. ఆవిడ నన్ను గుర్తుపట్టి టీ తెప్పించింది. తాగలేదు. నిలబడే చెప్పాను. ఆమెకు ఆ పేరు తెలుసు, పలకొద్దన్నది నేను, మీరు సాకు అన్నది నా పట్టుదల, నేను నిద్రపోలేదు అని. గదిలో ఇంకా నలుగురున్నారు. వాళ్ళు రాతలు ఆపి విన్నారు. విననిచ్చాను.

"ఇంతకీ మీ పేరేమిటి తాతగారూ?" అంది సాలికా.

చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టింది.

"మీరు ఒక్క మాట అంటే అయిపోయేది కదా," అంది.

"అయిపోయేది," అన్నాను.

ఆ మాట కాగితం మీద రాసిమ్మంది. రాశాను. ఆ రాత్రి వచ్చిన కుటుంబాలన్నిటికీ ఫోన్లో పంపుతానంది. నా గురక సంగతి కూడానా అని అడిగింది. అది తీసేస్తే మిగతాది అబద్ధమవుతుందన్నాను. ఆ పిల్ల వాళ్ళ నాన్నకు మాత్రం విడిగా పంపమని, టీచర్‌కు తెలుసని ఆ పిల్లకు చదివి వినిపించమని అడిగాను. సాలికా కింది ఊరి మాస్టారితో మాట్లాడింది, ఆయన తప్పుకుంటానన్నాడు. పన్నెండో తారీకు రాత్రి నీదే, నువ్వు ఒప్పుకుంటే. ఒప్పించే పని తాను చెయ్యనంది, నన్ను కూడా చెయ్యొద్దంది. ఆ మాట నాకు నచ్చలేదు. తిరిగి వస్తూ దారంతా ఆలోచిస్తే సరైనదే అనిపించింది.

నిన్న ఎర్మెక్‌కు చెప్పాను. వాడు గుర్రం మెడ నిమురుతూ, జుపార్‌కు నువ్వే రాయి నాన్నా అన్నాడు. అంతే. రాత్రి పక్క గుడారాల వాళ్ళను పిలిచి, మా కోడలు ఇకనుంచి నా పేరూ అందులోని మాటా ఎక్కడైనా ఎవరి ముందైనా పలకవచ్చు, అనుమతి నాది, ఎవరైనా నోరెత్తితే నాతో మాట్లాడండి అని చెప్పాను. ఒక ముసలమ్మ గొణిగింది. మీ అత్త ఆమె గిన్నెలో పులిసిన గుర్రప్పాల కుమిస్ పోసి, తాగు అంది.

నిన్ను రమ్మని రాయడం లేదు. ఇన్నేళ్ళూ నీకు ఏది చెప్పినా ఆజ్ఞగానే చెప్పాను. ఇది అలా రాయలేను. వస్తే ఎర్మెక్ రోడ్డు దగ్గర గుర్రంతో ఉంటాడు. నేను పిల్లల వెనక కూర్చుంటాను, దీవెన ఇంకెవరైనా చెబుతారు. రాకపోతే టెలిస్కోప్ పెట్టె చెమ్మ లేకుండా చూసుకుంటాను, నువ్వు అడిగేదాకా దాని గురించి మాట్లాడను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది, అందుకని అడగడం లేదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈ ఉత్తరం మనసులో చదువుకుని ఉంటావు. కింద రాసిన ఆ ఒక్క మాటను మీ అమ్మ ముందు, చిన్నదాని ముందు, గొంతెత్తి ఒకసారి చదువు. నోరు తిరగకపోతే రెండోసారి చదువు.

ఇట్లు,
నీ మామ
తెమిర్కుల్