ఖాళీ షీట్ల హారం

జూన్ 1, ఆదివారం. నరసాపురం.
రాజమండ్రిలో వచ్చే నెల నగల ప్రదర్శన. అంశం: మందులూ మనమూ. పేరిచ్చేశాను! ఇరవై ఏళ్లుగా బళ్లో డ్రాయింగు నేర్పుతున్నాను, నాదంటూ ఒక్క వస్తువు చేయలేదు. ఈ నెలలో మా ఇంట్లో మింగే బిళ్లల ఖాళీ షీట్లతో, లేసు దారంతో ఒక హారం చేస్తాను.
నియమాలు:
1. రోజూ ఉదయం ఆరు నుంచి ఏడు దాకా పని.
2. మా ఇంటి షీట్లే వాడాలి.
3. హారం కోసమని ఒక్క బిళ్ల కూడా షీటులోంచి తీయకూడదు.

జూన్ 2
ఉ. 6.00. కూర్చున్నాను. మా అత్తగారు సంపూర్ణమ్మగారికి బీపీ, షుగరు, థైరాయిడ్. మావారు జయపాల్‌కి గ్యాస్. నాకు కాల్షియం. మా ఇల్లు గని!
6.10. గనిలో ఒక్క షీటూ ఖాళీ కాలేదు. పది బిళ్లలుంటే పది రోజులు పడుతుంది కదా! ముందే ఎందుకు తట్టలేదు?
6.15. లేచి కాఫీ పెట్టాను.

జూన్ 6
రెండో నియమం సవరించాను. మా ఇల్లంటే మా వీధి కూడా. పక్కింటి సూర్యకళగారు సంచి నిండా తెచ్చారు. ఒక్కో షీటుకీ ఒక్కో కథ.
"ఇది మా ఆయనకి స్టెంటు వేసినప్పటిదండి. ఇది మా చిన్నదాని పెళ్లయ్యాక నాకు నిద్ర పట్టనప్పటిది. పారేయబుద్ధి కాలేదండి."
గంటన్నర. పని సాగలేదు.

జూన్ 9
అత్తగారు లేసు సూది తీశారు! చూపు ఆనడం లేదని ఆరేళ్లుగా ముట్టలేదు. "ఇలాగా అంచు కట్టేది? ఇటియ్యి," అని లాక్కున్నారు. వెండి రంగు షీటు చుట్టూ తెల్లటి అల్లిక. నేను పక్కన కూర్చుని మెచ్చుకున్నాను. అదీ పనే.

జూన్ 13
బడి తెరిచారు. ఆరింటికి కూర్చోవడం ఇక కుదరదు. అయినా ఫరవాలేదు: అత్తగారు ఒకేసారి ఐదు ఖాళీ షీట్లు ఇచ్చారు!
"అన్నీ కలిసొచ్చి అయిపోయాయమ్మాయ్."
ఎలాగని అడగబోయి ఊరుకున్నాను. హారం మధ్య పతకానికి వాటిలోని ఎర్ర షీటే కావాలి మరి.

జూన్ 17
మ. 12.40. బడికి జయపాల్ ఫోను. "అమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. రా."
ఒళ్లంతా చెమట, మాట తడబాటు. ఆసుపత్రిలో షుగరు నలభై ఎనిమిది! గ్లూకోజు ఎక్కించారు. గంటకి నన్ను గుర్తుపట్టారు.
సా. 5.00. బట్టల కోసం ఇంటికొచ్చాను. ఆవిడ దిండు పక్కన కాఫీపొడి డబ్బా. నిండా విడి బిళ్లలు, అన్నీ తెల్లవే, చిన్నవే. డబ్బా ఆసుపత్రికి పట్టుకెళ్లి అడిగితే, రోజూ చేతికొచ్చిన నాలుగు మింగుతున్నారట. ఇవాళ నాలుగూ షుగరువే పడ్డట్టున్నాయి.
"నీ హారం ఆగిపోద్దేమోనని వలిచేశానే," అన్నారు.
జయపాల్ నావైపు చూశారు. డబ్బా లాక్కుని మూత పెట్టేశారు. తిడితే బాగుండేది.

జూన్ 18
ప్రదర్శనకి రానని మెసేజ్ పెట్టాను. హారం బీరువా మీదికి విసిరేశాను.

జూన్ 21
అత్తగారు ఇంటికొచ్చారు. రాగానే, "హారమేది?"
"పారేస్తానండి."
"నా సూదిపని పారేయడానికి నువ్వెవరు?"
గొడవ. అందులోనే తెలిసింది: షీటు మీది ఇంగ్లీషు పేర్లు ఆవిడకి చదవడం రాదు. ఇన్నేళ్లూ షీటు రంగు చూసే మింగారు. ఆ రంగుల్ని నేను హారానికి పట్టుకుపోయాను. ఏ బిళ్ల ఎందుకో ఒక్కసారైనా కూర్చోబెట్టి చెప్పలేదు. ఇవాళ చెప్పాను. ఇద్దరం ఏడ్చాం.

జూన్ 28
చెకప్. అత్తగారు బయల్దేరారు, మెడలో సగం హారం!
"వద్దండీ, డాక్టరుగారు తిడతారు."
వినలేదు. వరుసలో కూర్చున్నవాళ్లంతా మూగారు. "ఇది నా బీపీ. ఇది షుగరు. ఈ మెరిసేది థైరాయిడు," అని వేలు పెట్టి చూపించారు. మొగల్తూరు నుంచి వచ్చిన ఒకావిడ సంచిలోంచి తన షీటూ చీటీ తీసి, "ఇదెందుకో కాస్త చదివి చెప్పండమ్మా," అంది. చెప్పాను. ఇంకొకావిడ. ఆ వెనక ఒక పెద్దాయన. మా పేరు పిలిస్తే వినపడనే లేదు.

జూన్ 29, ఆదివారం
హారం మళ్లీ మొదలు! గడువు లేదు.
ఉ. 7.30. అత్తగారు బీపీ బిళ్ల అరచేతిలో పెట్టుకుని, పేరు చెప్పి, నా కళ్లముందే మింగారు. మొదటిసారి తప్పు చెప్పారు, మళ్లీ చెప్పించాను.
షీటులో ఇంకా తొమ్మిదున్నాయి. ఉండనీ.