చెవి ముక్క

చిరంజీవి సైరాకు అమ్మ దీవెనలు. ఇక్కడ మేమూ గొర్రెలూ క్షేమం. ఫ్రూంజె పట్నంలో నీ నర్సు చదువు బాగా సాగుతోందని తలుస్తాను.

నాన్న కుట్ల సంగతి అడిగావు. రొమ్ము కింద నుంచి పొత్తికడుపు దాకా మచ్చ ఎండింది. ఉబ్బిన నెత్తురు గొట్టంలో డాక్టర్లు కుట్టిన గుడ్డ గొట్టం నిలిచినట్టే ఉంది. గుర్రం ఎక్కనివ్వడం లేదని నన్ను రోజూ తిడతాడు.

బతికొచ్చినందుకు గొర్రెను కోశాం. పెద్ద మర్యాదగా ఇచ్చే తలను మీ పెదనాన్న ఎదుటే పెట్టించాడు నాన్న. "జారిన బొడ్డును నిలబెట్టింది అన్న చేతులే. పట్నం వాళ్లు పైపైన కుట్లేశారు" అన్నాడు.

వేసవిలో నువ్వు నాన్న కడుపు మీంచి ఆయన చేతులు లాగేసిన ముచ్చట పెదనాన్న మళ్లీ ఎత్తుకున్నాడు. "'అది బొడ్డు కాదు, పిసికితే పగులుద్ది' అని అరిచిందర్రా! దాని ముక్కు తుడిచినవాణ్ణి నేను!" అంటూ తల నుంచి చెవి కోసి నా చేతిలో పెట్టాడు. "ఇది సైరాకు దాచు. పెద్దల మాట వినడం వస్తుంది." అందరూ నవ్వారు. కుట్లు పట్టుకుని నాన్న కూడా నవ్వాడు. ఆ చెవి కుక్కకు వేశాను.

ఈ జబ్బు అన్నదమ్ములకూ ఉండొచ్చని, పెదనాన్న కడుపు కూడా చూపించమని డాక్టరు అన్నాడని రెండు ఉత్తరాల్లో రాశావు. చెప్పావా అని అడిగావు. చెప్పలేదు.

విందయ్యాక పెదనాన్న చేతులకు నీళ్లు పోయడానికి వంగాను. చొక్కా కింద, బొడ్డు పైన, నాన్నకు అప్పట్లో కొట్టుకున్నట్టే ఏదో కొట్టుకుంటోంది. చూశాను. తువ్వాలు ఇచ్చి వచ్చేశాను.

నిన్న నడుం నొప్పంటూ ఆయనే వచ్చాడు. "బొడ్డు జారింది తమ్ముడూ, నా కడుపు నేను పిసుక్కోలేను" అని పడుకున్నాడు. నాన్న చేతులకు కొవ్వు రాసుకున్నాడు. అప్పుడు చెప్పాను. "చెవి నువ్వు తిన్నావా ఏంటి, మరదలా, కూతురి మాట వింటున్నావు?" అన్నాడు పెదనాన్న. నాన్న చేతులు పట్టుకుని లాగేశాను, నీలాగే.

పెదనాన్న లేచి, పై ఊళ్లో కడుపు పిసికేవాళ్లు ఇంకొకరున్నారంటూ గుర్రమెక్కి పోయాడు. ఇంకా తిరిగి రాలేదు. నాన్న నాతో మాట్లాడడం లేదు.

విందు రోజే చెప్పినా ఆయన వినేవాడు కాదు. నాకూ తెలుసు. కానీ తల్లీ, ఆ రోజు నేను ఊరుకున్నది ఆయన వినడని కాదు. నిన్ను నవ్వులపాలు చేసినవాడికి చెప్పకుండా ఉంటే నాకు హాయిగా ఉండింది. ఇది నీకు తప్ప ఎవరికి రాయను?

ఇట్లు,
పై ఊరి దారి చూస్తున్న
మీ అమ్మ కలీపా