బిగువు మీదున్న తీగ

సమ్మమ్మకు, ఆపరేషన్ చేసిన కన్ను బాగుంది, ఫికర్ పెట్టుకోకు.

నిన్న మన మనవరాలు నవ్య తన బేస్ గిటార్ శుభ్రం చేయాలని పాత తీగలు తీయబోయింది. మంచం పాత నులక కోసినట్టే అనుకుని నేను కటింగ్ ప్లేయర్ పట్టుకుని వంగాను. "ఆగు తాతా! బిగువు మీద కోస్తే తెగి కంట్లనే కొడ్తది. మళ్ల దవాఖానకు నేనే తోల్కపోవాలె!" అని అరిచింది. నాకు నల్లద్దాలు పెట్టి, మరలు తిప్పి వదులు చేయడం చూపింది. నాలుగు తీగలూ వదులయ్యాక చేత్తోనే తీశాను.

వచ్చే శుక్రవారం కాలేజీలో వాయిస్తుందట. నువ్వు ముందు రోజే బస్సెక్కు. బర్రెను తమ్ముడు రాజమౌళికి అప్పజెప్పు. మిరపతోటకు నీళ్లు అందుతున్నాయా? తమ్ముడి పిల్లలకు దీవెనలు.

ఈ కార్డంతా మంచి కన్ను మూసుకుని, ఆపరేషన్ కంటితోనే రాశాను.

వీరభద్రం, మట్టెవాడ