పెళ్లికూతురి జడలాంటి వైరింగ్

శనివారం, ముత్తంగి

ఇవాళ బామ్మర్ది నర్సింలు మళ్లీ షెడ్డు గుమ్మంలో నిలబడి నవ్వాడు. "ఏం బావా, చెక్క చెక్కే నీ సీఎన్‌సీ ఇంక నడుస్తలేదా? భంగార్ల ఏయ్, పాత ఇనుము రేటన్న వస్తది. షెడ్డన్న కిరాయికి పోతది." వాడి అక్క వెనక నుంచి తలూపింది. రేపటికి మిషన్ నడవకపోతే షెడ్డు కిరాయికి అడుగుతున్న గోదాము వాళ్ల పాలే.

నేను కట్టుకున్న ఆ కంప్యూటర్ మిషన్‌కు వైరింగ్ చేసింది వాడే. ప్యానెల్ బోర్డులు కట్టి బతికిన మనిషి, జీవితంలో పుస్తకం తెరవలేదు. వైర్లన్నీ పెళ్లికూతురి జడలా ఒకే కట్టగా బిగించి ఫోటో కూడా తీసుకున్నాడు. అందులో మోటారు కేబుల్ పక్కనే, అంచు తగిలితే మిషన్‌ను ఆపే లిమిట్ స్విచ్ వైరు. మోటారు తిరగగానే ఆ కరెంటు అలజడి పక్క వైరులోకి పాకేది. అంచు తగిలిందనుకుని మిషన్ ఆగిపోయేది. ఇన్నాళ్లూ నా ప్రోగ్రామ్‌నే తిట్టుకున్నాను.

సాయంత్రం కట్ట బిగించిన ప్లాస్టిక్ టైలన్నీ కోసి మోటారు కేబుల్‌ను విడిగా వేలాడదీశాను. టేకు పలకను చివరిదాకా ఆగకుండా చెక్కింది.

ఎవరికీ చెప్పలేదు. కోసిన టైలు ఊడ్వలేదు. రేపు వాడు ఆ వేలాడే కేబుల్‌ను చూసి కడుపారా నవ్వాలి. నవ్వడం అయ్యాకే స్విచ్ వేస్తాను.

వాడి ముందే మళ్లీ ఆగితే మాత్రం...