అత్తయ్య చేతికింద దూది మెత్త

ఏమండీ,

మీరు పోయి రేపటికి రెండేళ్ళు. ఈ సంగతి మీకు ఇవాళే చెప్పాలనిపించింది.

పక్షవాతంతో అత్తయ్య కుడిచెయ్యి పడిపోయింది. వారానికోసారి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి వ్యాయామం చేయించాలి. మీ కారు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి సీటు మీంచి జారి, భుజం లాగేసేది. పోయినవారం ఆవిడ, "ఇంక నేను రాను. ఈ చెయ్యి ఇట్టాగే ఉండనీ" అనేశారు.

నాకు భయం వేసింది. చెక్కపీట మీద మన చేలో పత్తి దూది పరిచి, పైన రెగ్జిన్ వేసి కుట్టాను. ఆవిడ చూసి, "గుండ్రంగా కుక్కావు, చెయ్యి ఎట్టా నిలుస్తుందే? మధ్యలో గుంట పెట్టు" అన్నారు. అంతా విప్పి, అంచులు ఎత్తుగా మళ్ళీ కుట్టి, వెనకసీటుకు పట్టీతో బిగించాను.

ఇవాళ దారిలో మూలుగు వినబడలేదు. అద్దంలో చూస్తే, మెత్త మీద చెయ్యి వేసుకుని నిద్రపోతున్నారు. మీరు నడిపినప్పుడు కూడా ఆవిడ కారులో కునుకు తీసేవారు కాదు. ఆసుపత్రి ముందు ఆపాక లేపబుద్ధి కాక, కాసేపు అలాగే కూర్చున్నాను.

తిరిగొస్తుంటే, "వచ్చే మంగళవారం పెందలాడే బయల్దేరదామే. ఎండెక్కితే రెగ్జిన్ కాలుద్ది" అన్నారు.

వస్తానన్నారండీ.