ఇంట్లో ఎంతమందిమి

నవంబర్ 3
కాలేజీల స్కాలర్‌షిప్ వెరిఫికేషన్. సార్ నా ఫారం తిప్పుకుంట అడిగిండు — "ఇంట్ల నలుగురే కదా? ఇంకెవరన్న ఉంటున్నరా?"
లేరు సార్ అన్న. గట్లనే నోట్లకెల్లి వచ్చింది.
ఫారం నింపినప్పుడు నలుగురమే... అమ్మ, నాన్న, నేను, తమ్ముడు. మామ పోయినంక అత్త తల్లాడ నుంచి రెండు చీరల సంచితో వచ్చింది. మూడు నెలలాయె.
పగటి బువ్వకు అత్త కట్టిచ్చిన డబ్బా తెరిచి, మళ్ళా మూత పెట్టిన.

నవంబర్ 4
నాన్నకు చెప్పిన. "రాయించు బిడ్డా. మా అక్క గాలికున్నదా?"
అమ్మకు భయం — మార్పంటే అప్లికేషన్ వెనక్కి పోతదేమో, నా చదువు ఆగుతదేమోనని.
అత్త విన్నది. "నన్నెందుకు ఎక్కిస్తవే కోడలా? నేనేమన్న పరీక్ష రాస్తనా?" నవ్వింది. నవ్వుకుంటనే బయటికి పోయింది.

నవంబర్ 6
సార్‌కు నిజం చెప్పిన. తిడతడనుకున్న. "ముందే చెప్పొద్దా తల్లీ... పంచాయతీ సెక్రటరీ లెటర్ తే, ఐదు చేద్దాం."

నవంబర్ 7
అత్తా నేనూ పంచాయతీ ఆఫీసుకు. నున్నగ తల దువ్వుకొని, ఇస్త్రీ చీర కట్టింది. సెక్రటరీ అడిగిండు — "ఇక్కడ్నే ఉంటవా పెద్దమ్మా? ఎన్నాళ్ళు?"
అత్త నా మొహం చూసింది. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి —
"మా వదిన. మాతోనే ఉంటది. రాయండి సార్."
అమ్మ! మిర్చి చేను నుంచి ఉరికొచ్చింది, కాళ్ళ బురద కూడ కడగలే.

నవంబర్ 8
ఆన్‌లైన్ల ఐదు పడ్డది. ఫోన్ల ఫోటో తీసి తెచ్చిన. అత్తకు చదువు రాదు. అంకె మీద వేలు పెట్టి, "ఇందుల నేనేడున్ననే?"
నవ్వొచ్చింది. కండ్లల్ల నీళ్ళు కూడ.

నవంబర్ 9
ఇయ్యాల వంకాయ కూర. తమ్ముడి కంటె నాకే ఎక్కువేసింది అత్త. వాడు అలిగిండు.

నవంబర్ 11
పొద్దుగాల మామ తమ్ముడు తల్లాడ నుంచి వచ్చిండు. "పత్తి ఏరెటోళ్ళు దొరుకుతలేరు వదినా. నీ ఇల్లు నీకుండంగ ఇక్కడెందుకు?" రేపు బస్సుకు తీస్కపోతడట.
అత్త చాయ్ పోసింది. నాన్న గడప మీద కూసున్నడు, అమ్మ పొయ్యిల కట్టెలు ఎగదోసింది.
రేపే నా ఫారం మీద సార్ ఆఖరి సంతకం. మళ్ళా అడుగుతడు, ఎంతమందని.
అత్త చేటల బియ్యం ఏరుతుంది. పక్కన కూసున్న. "పోతవా అత్తా?"
"రాళ్ళు మస్తున్నయే ఈసారి" అన్నది, తల ఎత్తకుండ.